వచ్చిన మనిషిని రాలేదని రాశాను

1950 ఎండాకాలం. ఆత్మకూరులోని సహకార యూనియన్ ఆఫీసులో నేను సూపర్‌వైజరుగా చేరి నాలుగేళ్లయింది. ఆ ఉద్యోగం ఏమిటో ఇప్పటివాళ్లకు కొంచెం చెప్పాలి. పల్లెల్లో పరపతి సంఘాలు ఉండేవి. రైతులు, చేతిపనుల వాళ్లు అయిదు రూపాయల షేరు కట్టి సభ్యులయ్యేవారు. తోటి సభ్యులు ఇద్దరిని ష్యూరిటీలుగా, అంటే పూచీదారులుగా పెట్టి అప్పు తీసుకునేవారు. ఊరూరా తిరిగి ఆ సంఘాల పుస్తకాలు చూడటం, ఎవరికి మళ్లీ అప్పు ఇవ్వవచ్చో ఎవరికి కూడదో రాయడం నా పని. నాకు ఉదయగిరి వైపు సంఘాలు అప్పగించారు. బస్సు పోయినంత దూరం బస్సు మీద సైకిలు వేసుకుని పోయి, అక్కడి నుంచి తొక్కేవాణ్ణి.

గడువు దాటిన బాకీని మేము ఓవర్‌డ్యూ అంటాం. అందులో రెండు రకాలు. పంట పోయో, జబ్బు చేసో కట్టలేకపోయినవాడు ఒక రకం. అతనికి గడువు పెంచుతాం. చేతిలో ఉండి కూడా కట్టనివాడు రెండో రకం. అతను విల్‌ఫుల్ డిఫాల్టరు, ఉద్దేశపూర్వకంగా ఎగవేసినవాడు. ఎవరు ఏ రకమో తేల్చాలంటే నోటీసు ఇచ్చి పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి. నోటీసు అందినా రానివాణ్ణి మాత్రం ఇక అడిగేది లేదు, రెండో రకం కింద రాసేస్తాం. రూలు అది. రూలులో తప్పు లేదు. ఎక్కడ కూర్చుని పిలవాలో రూలులో లేదు. అది మేమే ఏర్పాటు చేసుకున్నాం.

దుత్తలూరుకు ఇవతల, మెట్ట చేల మధ్య ఉన్న ఒక పల్లెలో సంఘం ప్రెసిడెంటు రెడ్డిగారు, పెద్ద రైతు. ఆయన ఇంటి అరుగే సంఘం ఆఫీసు. పెట్టె, పుస్తకాలు, సిరాబుడ్డి అన్నీ ఆ అరుగు మీదే. సూపర్‌వైజరు వచ్చినా, పైనుంచి ఎవరు వచ్చినా చాప అక్కడే పరిచేవారు. సంఘంలో ఊరికి ఎడంగా ఉన్న పాలెం నుంచి ఏడెనిమిది మంది క్రైస్తవులు కూడా సభ్యులు. వాళ్లు అరుగు ఎక్కరు, ఎక్కనివ్వరు. వీధికి అవతల పక్కన నిలబడి, పేరు పిలిస్తే అక్కడి నుంచే పలికేవారు. నాలుగేళ్లలో ఇది నాకు వింతగా కనిపించడం మానేసింది.

ఆ రోజు నేను పోయేసరికి మధ్యాహ్నం కావస్తోంది. నా సైకిలు స్టాండు విరిగిపోయి ఉంది. వీధిలో ఉన్న ఒక మనిషి చేతికి సైకిలిచ్చి, "కాస్త పట్టుకో" అని అరుగెక్కాను. ముఖం కూడా చూడలేదు. పుస్తకాలు చూసి ఓవర్‌డ్యూ పేర్లు చదవడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరూ వచ్చి చెప్పుకుంటున్నారు. పేతురు అని పిలిచాను. తోళ్లు కొనడానికి అరవై రూపాయలు అప్పు తీసుకుని, కొంత కట్టి, ఏడాదిగా ఆపేసిన మనిషి. వీధిలోంచి "ఉండానయ్యా" అన్నట్టు ఏదో గొంతు వినిపించింది. నేను తలెత్తలేదు.

ప్రెసిడెంటు, "ఆడు రాలేదు, రాసుకోండి" అన్నాడు. "ఆ పాలెమోళ్లంతా ఇంతే. తీసుకునేటప్పుడు ఉండే చురుకు కట్టేటప్పుడు ఉండదు."

లోపల విస్తళ్లు వేసిన చప్పుడు. నాకు ఆకలిగా ఉంది. ఆ గొంతు మళ్లీ వినిపించింది. నేను సంఘం పుస్తకంలోని ఇన్‌స్పెక్షన్ నోట్‌లో రాశాను: నోటీసు అందినది, హాజరు కాలేదు, ఉద్దేశపూర్వకంగా ఎగవేసిన బాకీ. భోజనం చేసి వచ్చి, సైకిలు తీసుకుని, పట్టుకున్న మనిషికి ఒక అణా ఇచ్చి వెళ్లిపోయాను.

ఇన్‌స్పెక్షన్ నోట్ ఆధారంగా రెండో రకం పేర్ల జాబితా ఒకటి తయారుచేసి మా ఆఫీసు గోడకు అంటించేవాళ్లం. మా సంఘాలు పొరపాటున వాళ్లకు అప్పు ఇవ్వకుండా ఉండటం దాని ఉద్దేశం. కానీ ఆత్మకూరు సంత రోజున వర్తకులు కూడా వచ్చి దాన్ని చదువుకునేవారు. గింజలు, బట్టలు, తోళ్లు ఎవరికి అరువివ్వాలో ఆ కాగితం చూసి నిర్ణయించుకునేవారు. మాకు అది కొంచెం గొప్పగా కూడా ఉండేది.

మరుసటి ఏడాది మాఘమాసంలో, సంత రోజునే, ఒక మనిషి ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి నన్ను చూడాలన్నాడు. నలభై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, వేళ్ల నిండా తంగేడు చెక్క మరకలతో ఉన్నాడు. తోళ్లు ఊనేవాళ్ల, అంటే నానబెట్టి పదును చేసేవాళ్ల చేతులకు ఆ ఎర్రటి మరక పోదు.

"అయ్యా, గోడ మీద కాయితంలో తొమ్మిదో పేరు నాది" అన్నాడు.

"చదువు వచ్చా?"

"మిషను బళ్లో నాలుగు దాకా చదివినాను. నా పేరు నేనే చదువుకున్నా. పక్కన ఉద్దేశపూర్వకంగా అని ఉండాది. అంటే ఏందయ్యా?"

"కావాలనే కట్టలేదని."

"నేను కావాలని చేసిందేముండాది?"

"నోటీసు అందింది. నువ్వు రాలేదు."

"నేను రాలేదా!" పేతురు నవ్వాడు. వెక్కిరింత కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆయనకు. "మరి మీ సైకిలు పట్టుకున్నది ఎవరయ్యా?"

అప్పుడు మొదటిసారి ఆయన ముఖం సరిగ్గా చూశాను.

"మీరు పిలిచినారు, నేను పలికినా. రెండుసార్లు పలికినా. అరుగెక్కేదానికి మాకు లేదు గదా. ఇంకా ముందుకొచ్చి అరుద్దామంటే సైకిలు పడిపోతాది. మొలలో పది రూపాయలు పెట్టుకునొచ్చినానయ్యా ఆ పొద్దు. మీరు అన్నం తిని పోయినారు. రెడ్డిగారిని అడిగితే, అయ్యోరు రాసుకునిపోయినాడు, ఇంకేం లేదు ఫో అన్నాడు."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. బావుల్లోంచి నీళ్లు తోడే కపిలకు కట్టే తోలు బానలు కుట్టడం ఆయన పని. ఎండాకాలం ముందు తోళ్లు దొరికితే ఏడాది తిండి దొరికినట్టే. ఆత్మకూరులో తోళ్ల వర్తకుడు ఖాదర్ సాయిబు అంతకుముందు అరువిచ్చేవాడు, ఇప్పుడు గోడ మీద పేరు పోతేగానీ ఇవ్వనంటున్నాడు. ఇంకోవైపు ప్రెసిడెంటు, నీ బాకీ నేను కడతాను, ఉగాది నుంచి నా ఇంట్లో జీతానికి కుదురు అంటున్నాడు.

"మా నాయన అట్నే ముప్పై రూపాయలకు పోయి పన్నెండేండ్లు చేసినాడు" అన్నాడు పేతురు. "నేను ఆ గడప తొక్కితే మళ్లీ ఆరె చేతబట్టేది లేదు. మీరా పేరు కొట్టేస్తే నేను గట్టెక్కుతానయ్యా."

ఆరె అంటే తోలు కుట్టే సూది. దాన్ని మొలకు తాడు కట్టి వేలాడేసుకుని ఉన్నాడు.

నేను చేయవలసిందేమిటో నాకు తెలుసు. రాసిన నోట్‌లో పొరపాటుంటే సప్లిమెంటరీ నోట్ అని మరొకటి రాయవచ్చు. ఫలానా రోజు రాసింది తప్పు, సభ్యుడు హాజరయ్యాడు, అని నాలుగు వాక్యాలు. అర్ధగంట పని. కానీ దాన్ని పైవాళ్లు చూస్తారు. ఎదురుగా ఉన్న మనిషిని రాలేదని ఎందుకు రాశావని అడుగుతారు. సీనియర్ సూపర్‌వైజరు పదవికి నా పేరు అప్పుడే పైకి వెళ్లి ఉంది. ఇంటి దగ్గర భార్య, ముగ్గురు పిల్లలు, అద్దె. ఇవన్నీ ఆ గుమ్మం దగ్గర ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను.

"రాసింది మార్చడానికి వీల్లేదు పేతురూ" అన్నాను. "బాకీ కొంచెం కొంచెంగా కట్టుకుంటూ రా. నమ్మకం కుదిరాక పేరు అదే పోతుంది."

అది అబద్ధం. నా ఉద్యోగంలో నేను తెలిసి చెప్పిన మొదటి అబద్ధం అదేనని అనుకుంటున్నాను. అంతకుముందువి తెలియకుండా చెప్పి ఉంటాను.

పేతురు నమ్మాడు. వడ్డీతో కలిపి నలభై ఆరు రూపాయలు బాకీ తేలింది. నెలకు రెండు రూపాయలు కడతానన్నాడు. సంఘంలో కట్టడానికి ప్రెసిడెంటు ఒప్పుకోడేమోనని ఆత్మకూరు ఆఫీసులోనే కట్టేట్టు ఏర్పాటు చేశాను. అదో గొప్ప సాయం చేసినట్టు అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఖాదర్ సాయిబు దగ్గరికి పోయి ఒక బేరం పెట్టాడు. నేను కూడా వెంట వెళ్లాను గనక విన్నాను.

"సాయిబూ, నాకు తోలు అప్పియ్యొద్దు. తోలు నీదే. బాన కుట్టి నీకే తెచ్చిస్తా. నువ్వే అమ్ముకో. కుట్టినందుకు కూలియ్యి."

సాయిబు గడ్డం నిమురుకున్నాడు. "తోలు తీసుకుని పోయి రాకపోతే?"

"నాకు పెండ్లాం బిడ్డలు ఆడుండారు. తోలు తీసుకుని యాడికి పోతా, మద్రాసుకా?"

"పోతావులే నువ్వు, మద్రాసులో నీళ్లు తోడను బానలు కావాల్నంట" అని సాయిబు కూడా నవ్వి, ఒక తోలు తీసి ముందు పడేశాడు. "నీ మీద నాకు కోపం లేదు పేతురూ. గోడ మీద పేరుండాది, నేనేం చేసేది?" అని నా వైపు చూశాడు. నేను బయట ఎద్దుల బండ్ల వైపు చూశాను.

ఉగాది వచ్చింది, పోయింది. పేతురు జీతానికి కుదరలేదు. ఒక బాన కుట్టి తెచ్చాడు. తర్వాత రెండు. కూలి తక్కువ. సొంత తోలుతో కుడితే వచ్చే దాంట్లో మూడోవంతు కూడా రాదు. ఆ ఎండాకాలమే చేజర్ల వైపు రైతులు ఒకేసారి పది బానలు కావాలని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. పేతురు పని అంటే ఆ చుట్టుపక్కల పేరు. ఆయన చేతిలో తోలు లేదు. ఆ పని ఇంకొకరికి పోయింది. ఆ మాట ఆయన మామూలుగా చెప్పాడు, రెండు రూపాయలు బల్ల మీద పెడుతూ. రసీదు రాస్తూ నా మనసులో ఒక మాట మెదిలింది. ఈ రోజు చెప్పేద్దాం అనుకున్నాను. రసీదు మీద ముద్ర వేసి ఇచ్చి, "జాగ్రత్తగా పెట్టుకో" అని మాత్రం అన్నాను.

ఇలా ప్రతి నెలా. పద్దెనిమిది మైళ్లు నడిచి వచ్చేవాడు, బస్సుకు పెట్టే డబ్బు బాకీకి పెడతానని. మధ్యలో ఒక నెల ఆయన బదులు భార్య మార్తమ్మ వచ్చింది. చంకలో చిన్నబిడ్డ.

"ఆయనకు జొరమయ్యా. లేవలేకుండా ఉండాడు. ఒక్క దినం ఆలీసమైతే అయ్యోరు మళ్లీ ఏం రాస్తాడో అని మంచంలోంచి నన్ను తరిమినాడు" అంది.

"ఒక వారం ఆలస్యమైతే ఏమీ కాదమ్మా."

"మీకు కాదు" అంది ఆమె. "రసీదులో నేనొచ్చినానని రాయండి. ఎవురూ రాలేదని రాసేరు."

నేను రాశాను. తలెత్తకుండా రాశాను. ఆ రెండు రూపాయల కోసం రెండు మేకల్లో ఒకటి అమ్మారని ఆమె చెప్పలేదు, ఆ ఊరి వాళ్లెవరో తర్వాత చెప్పారు.

రెండో ఏడు సాయిబు ఒక తోలు అరువిచ్చాడు, వచ్చే సంతకు డబ్బిచ్చే ఒప్పందం మీద. పేతురు ఒకరోజు ముందే ఇచ్చాడు. అప్పుడు రెండు తోళ్లు. తర్వాత నాలుగు. అలా ఒక్కొక్క తోలుగా తన మాటకు విలువ తెచ్చుకున్నాడు. 1953 మొదట్లో సంఘం బాకీ పూర్తిగా తీరింది. గోడ మీది కొత్త జాబితాలో ఆయన పేరు లేదు.

ఈ మధ్యలో నాకు సీనియర్ సూపర్‌వైజరు పదవి వచ్చింది. అది దాచను. ఇంకా సిగ్గుపడవలసింది ఏమిటంటే, నెల్లూరులో జరిగిన సూపర్‌వైజర్ల సమావేశంలో ఈ కేసును నేనే చెప్పాను. చెడిన సభ్యుణ్ణి ఓపికగా ఎలా దారికి తెచ్చుకోవాలో చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. చెడింది ఎవరి వల్లనో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ ఏడు జూన్‌లో ఆ పల్లెలో సంఘం సర్వసభ్య సమావేశం. ఆంధ్ర రాష్ట్రం వస్తుందని ఊళ్లల్లో అందరూ మాట్లాడుకుంటున్న రోజులు. అదే అరుగు, అదే చాప. పాలెం సభ్యులు వీధికి అవతల. పేతురు బాకీ తీర్చిన విధం గురించి నేను రాసుకొచ్చిన నాలుగు మాటలు చదివాను. ఆదర్శ సభ్యుడు అని కూడా అన్నాను. వందరూపాయల కొత్త అప్పు ఆయనకు మంజూరు చేయవచ్చని సిఫారసు చేశాను. ప్రెసిడెంటు కూడా సరేనన్నాడు. అంతా సుఖంగా ముగుస్తోంది అనుకున్నాను.

"అయ్యా, ఒక్క మాట" అని వీధిలోంచి పేతురు గొంతు.

"ఏందిరా? బాకీ తీరింది, అప్పిస్తామంటున్నాము. ఇంకేంది?" అన్నాడు ప్రెసిడెంటు.

"అప్పు ఇప్పుడొద్దు రెడ్డిగారూ. సాయిబు ఇస్తుండాడు, నాకు చాలు. ఆ పాత నోటొకటుండాది గదా, దాన్ని చదవమనండి అయ్యోరిని."

"అదెప్పుడో మూడేండ్ల నాటిది. ఇప్పుడెందుకురా?"

"అందులో నేను రాలేదని ఉండాది. బాకీ నేను కట్టినా, అది పోయింది. ఆ మాట పోలేదు. నా బిడ్డలు రేపు ఈ సంఘంలో చేరితే, మీ నాయన పిలిస్తే రానోడని ఎవురైనా ఆ పుస్తకంలో చదివి చెప్తారు."

వీధిలో నవ్విన వాళ్లున్నారు. "ఎవురు చదువుతార్రా ఆ బూజుపట్టిన పుస్తకం?" అని ఎవరో అన్నారు. "గోడ మీద కాయితం నేను చదివినా గదా" అన్నాడు పేతురు.

నేను లేచాను. అరుగు దిగి వీధిలోకి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. అదేదో ధైర్యం అనుకోవద్దు. అరుగు మీద నుంచి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదని అనిపించింది, అంతే.

"ఆ రోజు పేతురు వచ్చాడు" అన్నాను. "నా సైకిలు పట్టుకుని ఇక్కడే నిలబడ్డాడు. పిలిస్తే పలికాడు. నేను విన్నాను. విని కూడా రాలేదని రాశాను."

ప్రెసిడెంటు పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"అంటే ఇప్పుడు మార్చేదానికి వీలుందా అయ్యా?" అని అడిగాడు పేతురు. "వీల్లేదన్నారే ఆ పొద్దు."

"అబద్ధం చెప్పాను."

ఆయన నా ముఖం వైపు చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"రెండేండ్లు నడిపించినారే!" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ సాయంత్రమే సప్లిమెంటరీ నోట్ రాశాను. జరిగింది జరిగినట్టు, భోజనం సంగతితో సహా. పైనుంచి సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. నా ఇంక్రిమెంటు, అంటే ఏటా పెరిగే జీతం, ఒక ఏడాది ఆపేశారు. ఇంట్లో ఇబ్బంది పడ్డాం. మార్తమ్మ అమ్మిన మేకతో పోలిస్తే అది లెక్కలోది కాదు.

తర్వాత నేను ఆ సంఘం పనులు పాలెంలోని మిషను బడిలో పెట్టాను. అక్కడైతే అందరూ ఒకే బల్ల మీద కూర్చోవచ్చు. ప్రెసిడెంటు మొదటి రెండుసార్లు రాలేదు. ఆయన గురించి ‘హాజరు కాలేదు’ అని రాసేముందు నేనే ఆయన ఇంటికి వెళ్లి అడిగాను. మూడోసారి వచ్చాడు, గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. నా చేతి కింద పనిచేసిన కుర్రవాళ్లకు కూడా ఒక్కటే చెప్పేవాణ్ణి: మనిషి ముఖం చూడకుండా ఆ మనిషి గురించి ఒక్క అక్షరం రాయవద్దని. అప్పు తీసుకున్నవాడు పోగొట్టుకున్న నమ్మకాన్ని చెమటోడ్చి మళ్లీ సంపాదించుకోగలడు, పేతురు సంపాదించుకున్నాడు. ఆ నమ్మకాన్ని కాగితం మీద కొలిచే మాబోటివాళ్లం పోగొట్టుకుంటే ఎలా తెచ్చుకోవాలో ఏ రూలు పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

పేతురు ప్రతి సమావేశానికీ వచ్చేవాడు. ముందు బల్ల మీద కూర్చునేవాడు. నాతో మర్యాదగా మాట్లాడేవాడు, పిల్లల క్షేమం అడిగేవాడు. కానీ ఆయన మాట్లాడినది నేను పుస్తకంలో రాయగానే, కలం కింద పెట్టకముందే, "రాసింది చదవండయ్యా" అనేవాడు. నేను పైకి చదివేవాణ్ణి. విని, తలూపి, అప్పుడు సంతకం చేసేవాడు. మిగిలినవాళ్లు ఎవరూ అలా అడిగేవారు కాదు. ఏళ్లు గడిస్తే మానేస్తాడనుకున్నాను. 1958లో నాకు వేరే తాలూకాకు బదిలీ అయి, ఆ బడిలో చివరిసారి కూర్చున్న రోజున కూడా, "చదవండయ్యా" అన్నాడు. చదివాను.